సిసిలీ చుట్టూ కారులో పది రోజులు, అమ్మతో, హడావిడి లేకుండా… ఈ ప్లాన్ వర్కవుట్ అవుద్దా?

తీరిగ్గా_డ్రైవర్:

హాయ్ అందరికీ, అక్టోబర్ రెండో వారంలో నేను, మా ఆవిడ, మా అమ్మ ముగ్గురం ఇటలీలోని సిసిలీ ద్వీపానికి వెళ్తున్నాం. పాలెర్మోలో దిగి, ద్వీపం చుట్టూ కారులో ఒక రౌండ్ కొట్టి మళ్ళీ పాలెర్మోకే వచ్చేద్దామని ఐడియా, మొత్తం పది రాత్రులు. అమ్మకి 64, మనిషి హుషారే గానీ మోకాళ్ళు అంత బాగోవు, మెట్లు ఎక్కువుంటే ఇబ్బంది. పైగా ప్యూర్ వెజ్, గుడ్డు కూడా తినదు.

నేను రాసుకున్నది ఇదీ: పాలెర్మో 1 రాత్రి, ట్రాపాని 1, అగ్రిజెంటో 1, రగూసా 1, నోతో 1, సిరాకూసా 1, కతానియా 1, తవోర్మీనా 1, చెఫలూ 1, మళ్ళీ పాలెర్మో 1. మ్యాప్‌లో చూస్తే ఎక్కడికెళ్ళినా రెండు మూడు గంటలే కదా అనిపించింది. మా ఆవిడ మాత్రం దీన్ని చూసి "ఇది వెకేషన్ కాదు, ఎలక్షన్ ప్రచారం" అంది 😅 తిరిగొచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి, ఎక్కడ కోత పెట్టాలి? అక్కడ డ్రైవింగ్ నిజంగా అంత భయంకరమా?

ఉప్పుగాలి:

మీ ఆవిడ కరెక్ట్ అండి, ముందు ఆవిడకి సారీ చెప్పండి 😀

సిసిలీ మ్యాప్‌లో చిన్నగా కనిపిస్తది గానీ మధ్యధరా ద్వీపాలన్నిట్లో అదే పెద్దది, 25 వేల చదరపు కిలోమీటర్ల పైమాటే. రోజుకో హోటల్ అంటే ఏం జరుగుద్దో చెప్తా. పొద్దున పదింటికి చెకౌట్, మధ్యాహ్నం మూడింటి దాకా చెకిన్ ఉండదు, మధ్యలో లగేజీ మొత్తం కార్లోనే. కార్లో సూట్‌కేసులు పెట్టుకుని గుళ్ళు చూడ్డానికి వెళ్తే మనసంతా పార్కింగ్ దగ్గరే ఉంటది. మేం మొదటిసారి అచ్చం ఇలాగే చేశాం, ఆరో రోజుకి మా ఇంట్లో ఎవరూ ఎవరితోనూ మాట్లాడుకోట్లేదు.

అసలు రౌండ్ అనే ఆలోచనే వదిలెయ్యండి. పాలెర్మోలో దిగి కతానియాలో ఫ్లైట్ ఎక్కండి. కారు ఒకచోట తీసుకుని ఇంకోచోట ఇస్తే కొంచెం ఎక్స్‌ట్రా పడుద్ది, కానీ ఒక రోజు మొత్తం మిగుల్తది. నేనైతే ఇలా వేస్తా: పాలెర్మో 3 రాత్రులు, ట్రాపాని లేదా మార్సాలా వైపు 2, అగ్రిజెంటో 1, మిగతా 4 సిరాకూసాలో. నాలుగే హోటళ్ళు. పాలెర్మోలో ఉన్నన్నాళ్ళు కారు వద్దే వద్దు, ఊరు వదిలే రోజు పొద్దున తీసుకోండి. ఆ ట్రాఫిక్‌లో నడపడం వేరే విద్య, అది నేర్చుకోడానికి వెకేషన్ దేనికి. మొన్రియాలే కొండ మీద చర్చి లోపల గోడలంతా బంగారు మొజాయిక్, దానికి టాక్సీలో వెళ్ళిరండి.

ట్రాపాని నుంచి మార్సాలా దాకా సముద్రం పక్కనే ఉప్పుమళ్ళు ఉంటాయి, మధ్యలో పాత గాలిమరలు. అక్టోబర్ అంటే వేసవి ఉప్పు తీసేసి ఉంటారు, కుప్పల మీద వాన పడకుండా మట్టి పెంకులు కప్పుతారు. సాయంత్రం ఆరు ఆ ప్రాంతంలో ఆ మళ్ళల్లో నీళ్ళు గులాబీ రంగుకి తిరుగుతాయి చూడండి, అమ్మగారు కారు దిగక్కర్లేదు కూడా. ఎరీచే కొండ ఎక్కాలంటే ట్రాపాని నుంచి కేబుల్ కారు ఉంది, గాలి గట్టిగా ఉంటే ఆపేస్తారు. ఎరీచేలో మాత్రం రాళ్ళు పరిచిన వీధులు, ఎత్తుపల్లాలు, మంచి షూస్ వేయించండి.

మలుపు_మాస్టర్:

డ్రైవింగ్ గురించి అడిగారు కదా, అది నేను చెప్తా. డ్రైవింగ్ భయంకరం కాదు బ్రో, భయపడాల్సింది కెమెరాలకి.

పాత ఊళ్ళ మధ్యలో జెడ్‌టీఎల్ అని జోన్లు ఉంటాయి, లోపల ఉండేవాళ్ళ బళ్ళకే పర్మిషన్. తెల్లబోర్డు మీద ఎర్ర గుండ్రం ఉంటది, పక్కనే కెమెరా. ఎవరూ ఆపరు, ఎవరూ అరవరు, హాయిగా లోపలికెళ్ళి బయటికొస్తారు, ఇంటికొచ్చాక కొన్ని నెలలకి ఫైన్ వస్తది. దానికంటే ముందే రెంటల్ కంపెనీ వాళ్ళు మీ పేరు పోలీసులకి ఇచ్చినందుకు అని కార్డు మీద వేరే ఛార్జ్ గుంజుతారు. నాకు ఒకే వీధిలో రెండుసార్లు పడింది, ఎందుకంటే దారి తప్పానని వెనక్కి తిరిగి మళ్ళీ అదే కెమెరా కిందనుంచి వచ్చా 🤦 మ్యాప్స్‌ని నమ్మి లోపలికి పోవద్దు, అది సందుల్లోంచి షార్ట్‌కట్ చూపిస్తది, అద్దాలు మడిచినా పట్టని సందులు. హోటల్ జోన్ లోపలుంటే ముందే ఫోన్ చేసి బండి నంబర్ రిజిస్టర్ చేస్తారా అని అడగండి, లేదంటే బయట పార్కింగ్‌లో పెట్టి నడవడమే.

పార్కింగ్ గీతలు: తెలుపు ఫ్రీ, నీలం డబ్బులు, పసుపు మనకి కాదు. పెట్రోల్‌ని బెంజీనా అంటారు, డీజిల్‌ని గాజోలియో, ఇది తారుమారైతే ట్రిప్ అక్కడితో ఆఖరు. ఒకే బంకులో వాళ్ళే వచ్చి కొట్టే పంపుకి రేటు ఎక్కువ, మనం కొట్టుకునేదానికి తక్కువ. కతానియా నుంచి తవోర్మీనా వైపు వెళ్ళే ఏ18 మీద టోల్ ఉంటది, గేటు దగ్గర టికెట్ తీసుకోవాలి, పసుపు టెలిపాస్ లేన్‌లోకి (మన ఫాస్టాగ్‌లాంటిది ఉన్న బళ్ళకే అది) దూరకండి. పాలెర్మో కతానియా మధ్య ఏ19 ఫ్రీ. హైవే స్పీడ్ 130, వాన పడితే 110, ఊళ్ళో 50. ఊరు దాటితే పగలైనా హెడ్‌లైట్లు వేసే ఉండాలి.

మన లైసెన్స్ ఒక్కటే సరిపోదు, ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఉండాలి, అది బయల్దేరకముందే ఇక్కడ ఆర్టీవో నుంచి తీసుకోవాలి, అక్కడికెళ్ళాక దొరకదు. క్రెడిట్ కార్డు నడిపేవాళ్ళ పేరు మీదే ఉండాలి, డెబిట్ కార్డు చూపిస్తే కౌంటర్ దగ్గర చాలాచోట్ల ఒప్పుకోరు. ఆటోమేటిక్ కావాలంటే ఇప్పుడే బుక్ చెయ్యండి, అక్కడ ఎక్కువ మాన్యువలే. పెద్ద కారు తీసుకోవద్దు. ముగ్గురే కాబట్టి చిన్న బండి, చిన్న సూట్‌కేసులు.

గడప_దాటిన_పిల్ల:

అందరూ పడమరే అంటున్నారు గానీ నా ఓటు తూర్పుకి. ట్రాపాని రెండు రాత్రులు తీసేసి అవి కూడా ఇటే పెట్టుకోవచ్చు కదా? 1693 భూకంపంలో ఆగ్నేయం వైపు ఊళ్ళు నేలమట్టమయ్యాయి, తర్వాత మళ్ళీ కట్టుకున్నవే ఇప్పుడు చూసే నోతో, మోదికా, రగూసా, షిక్లీ. నోతో అయితే పాతచోట వదిలేసి కొన్ని కిలోమీటర్ల అవతల కొత్తగా మొదలుపెట్టారు. ఒకే కాలంలో కట్టిన ఊళ్ళు కాబట్టి వీధికి వీధి ఒక పెళ్ళిపందిరి సెట్‌లా ఉంటది, తేనెరంగు రాయి, సాయంత్రం ఎండ పడితే ఇంక ఫోటోలు ఆపలేం. కానీ ఆంటీ మోకాళ్ళకి నోతో ఓకే, మెయిన్ వీధి దాదాపు చదునే. రగూసా ఇబ్లా (రగూసాలో కింద ఉండే పాత ఊరు) మాత్రం పై ఊరి నుంచి మెట్లు దిగి వెళ్దాం అని ఎవరైనా అంటే వినొద్దు, కారు కింద పార్కింగ్‌లోనే పెట్టండి.

బేస్ సిరాకూసా అంటే నేనూ ఒప్పుకుంటా, ఊళ్ళో ఒర్తీజా అనే చిన్న దీవిలో ఉండండి. అక్కడ కేథడ్రల్ గోడ చూడండి, గ్రీకుల కాలం అథేనా గుడి స్తంభాలు అలాగే ఉన్నాయి, వాటి మధ్య ఖాళీలు పూడ్చి చర్చి చేసేశారు. గుడి పడగొట్టకుండా గుళ్ళోనే కాపురం పెట్టినట్టు. నేను ఆ స్తంభాన్ని పట్టుకుని కాసేపు నిలబడ్డా, ఎందుకో తెలీదు.

ఫుడ్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి చెప్తా. పాస్తా అల్లా నోర్మా అంటే టమాటా, వేయించిన వంకాయ, పైన ఉప్పు రికోత్తా చీజ్. కపొనాతా అంటే వంకాయ పులుపు తీపి కూర. పాలెర్మోలో పనెల్లే అని శనగపిండి పలకలు వేయించి బన్నులో పెట్టిస్తారు, ఆంటీకి బజ్జీ తిన్నట్టే ఉంటది. జాగ్రత్త ఎక్కడంటే, స్ఫించోనే అని మందపాటి పిజ్జా ఉంటది, చూడ్డానికి ఉల్లిపాయ, టమాటాయే, లోపల ఆంచోవీ చేప కలుపుతారు. రైస్ బాల్స్‌లో అల్ బుర్రో అన్నదాంట్లో హామ్ ఉంటది. "సెంజా కార్నే, సెంజా పెషే, సెంజా వోవా" అని రాసుకుని చూపించండి, మాంసం వద్దు, చేప వద్దు, గుడ్డు వద్దు అని. ఫ్రెష్ పాస్తాలో గుడ్డు ఉండొచ్చు, డ్రై పాస్తా అడగండి. పొద్దున గ్రానీతా (ఐస్ తురుములాంటిది) తినండి, బాదం ఫ్లేవర్, కానీ దాంతో ఇచ్చే బ్రియోష్ బన్నులో గుడ్డు ఉంటది, అది మీకు 😄

మధ్యాహ్నం రెండున్నర దాటితే వంటగది మూసేస్తారు, రాత్రి ఏడున్నర దాకా తెరవరు. ఈ గ్యాప్‌లో ఆకలేస్తే మార్కెట్లో కొన్న పళ్ళు, బ్రెడ్డే గతి, కార్లో పెట్టుకోండి.

ఉప్పుగాలి:

@గడప_దాటిన_పిల్ల పడమర తీసేస్తే నేనొప్పుకోను అండి 😀 తూర్పున బస్సుల జనం, పడమర ఖాళీ రోడ్లు. తీరిగ్గా అని టైటిల్‌లోనే రాశారు కదా ఆయన. సరే, కావాలంటే పాలెర్మోలో ఒక రాత్రి తగ్గించుకోండి, పడమర ముట్టుకోవద్దు.

అగ్రిజెంటో గురించి ఒక ముక్క మర్చిపోయా. అక్కడ గ్రీకుల కాలం గుళ్ళున్న గుళ్ళ లోయకి రెండు గేట్లు, జూనో గుడి వైపు పైగేటు నుంచి మొదలుపెడితే దారంతా దిగుడే, అమ్మగారికి సుఖం. కిందికొచ్చాక టాక్సీలో మళ్ళీ కారు దగ్గరికి. కొంకోర్డియా గుడి అంత చెక్కుచెదరకుండా ఎందుకుందంటే దాన్నీ ఒకప్పుడు చర్చిగా మార్చారు. మూడున్నర నాలుగింటికి లోపలికెళ్ళండి, పొద్దున్నే వెళ్తే ఎండ, జనం రెండూ.

అక్కణ్ణుంచి సిరాకూసాకి తీరం రోడ్డు పట్టుకోవద్దు, జేలా వైపు ప్లాస్టిక్ గ్రీన్‌హౌస్‌లు, లారీలు తప్ప ఏం ఉండవు. లోపలినుంచి పియాజ్జా ఆర్మెరీనా మీదుగా వెళ్ళండి, రోమన్ల కాలం విల్లా ఉంది, నేలంతా మొజాయిక్, పైన నడవడానికి వంతెనలు కట్టారు. కొన్ని మెట్లుంటాయి, మెల్లగా ఎక్కితే పర్లేదు.

మలుపు_మాస్టర్:

ఎట్నా అగ్నిపర్వతం గురించి ఎవరూ ఎత్తలేదేంటి? సిరాకూసా నుంచి రెండు గంటల లోపే, రిఫూజియో సాపియెంజా దాకా కారు వెళ్తది, 1900 మీటర్ల ఎత్తు. కేబుల్ కారు ఎక్కకపోయినా పర్లేదు, పార్కింగ్ పక్కనే సిల్వెస్త్రి క్రేటర్లు ఉన్నాయి, నల్లమట్టి మీద కింది క్రేటర్ చుట్టూ మెల్లగా నడవొచ్చు. కింద టీషర్ట్ వెదరైనా పైన చలి, స్వెట్టర్లు డిక్కీలో పెట్టండి. ఫలానా రోజు ఎట్నా అని ముందే ఫిక్స్ అవ్వొద్దు, సిరాకూసాలో ఉన్న నాలుగు రోజుల్లో ఏ పొద్దున ఆకాశం క్లియర్‌గా ఉంటే ఆ పొద్దున బండి తియ్యండి. ఒక్కోసారి బూడిద పడి కతానియా ఎయిర్‌పోర్టే ఆపేస్తారు, కాబట్టి రిటర్న్‌లో కనెక్టింగ్ ఫ్లైట్ టైట్‌గా పెట్టుకోకండి.

తీరిగ్గా_డ్రైవర్:

అందరికీ చాలా థాంక్స్, ఇంత వస్తదనుకోలేదు. ఇంట్లో చదివి వినిపించా. ఫైనల్‌గా పాలెర్మో 3, మార్సాలా 2, అగ్రిజెంటో 1, ఒర్తీజా 4, కతానియా నుంచి రిటర్న్. తవోర్మీనా, చెఫలూ ఈసారికి లేవు. ఆటోమేటిక్ చిన్న కారు ఇందాకే బుక్ చేశా, పర్మిట్ కోసం రేపు వెళ్తున్నా.

అమ్మ ఒకటే అడిగింది, ఆ ఉప్పుమళ్ళ దగ్గర ఉప్పు కొనుక్కోవచ్చా అని. @ఉప్పుగాలి గారూ?

ఉప్పుగాలి:

కొనుక్కోవచ్చండి, అక్కడే ప్యాకెట్లలో అమ్ముతారు. కళ్ళుప్పు తీసుకోమనండి. చెకిన్ బ్యాగులో వెయ్యండి, నేను చేతిబ్యాగులో రెండు కిలోలు పెట్టుకుని సెక్యూరిటీ దగ్గర పావుగంట నిలబడ్డా.