విండోస్ 10 నుంచి 11కు: ఉన్నదానిపైనే అప్‌గ్రేడ్ చేయాలా, ఫార్మాట్ చేసి కొత్తగా ఎక్కించాలా?

పదకోశి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నేను అనువాదాలు చేస్తాను. 2018లో విడిభాగాలు కొని కూర్పించుకున్న డెస్క్‌టాప్ మీదే నా పనంతా నడుస్తోంది. ఇంటెల్ ఎనిమిదో తరం ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, విండోస్ ఉన్న 240 జీబీ ఎస్ఎస్‌డీ, ఫైళ్లు దాచుకునే 1 టీబీ హార్డ్‌డిస్క్ ఉన్నాయి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఇచ్చే మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కనుక 11కు మారాలని నిశ్చయించుకున్నాను. ఏ దారిన మారాలన్నదే తేలడం లేదు.

ఈ కంప్యూటర్ ఇప్పుడు అంత ఆరోగ్యంగా లేదు. ఆన్ చేశాక పని మొదలుపెట్టడానికి దాదాపు మూడు నిమిషాలు పడుతోంది, ఎప్పుడో తీసేసిన యాంటీవైరస్ తాలూకు హెచ్చరికలు ఇప్పటికీ వస్తున్నాయి. అలాగని అన్నీ తుడిచేసే ధైర్యమూ లేదు. లైసెన్స్ కొని వాడుతున్న ఒక అనువాద సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్ ఇన్‌స్టాలర్ నా దగ్గర లేదు, తయారుచేసిన సంస్థ కూడా దాన్ని ఇప్పుడు ఇవ్వడం లేదు. ఏడేళ్లుగా చేర్చుకుంటూ వచ్చిన పదకోశాలు ఆ సాఫ్ట్‌వేర్‌లోనే ఉన్నాయి.

తెలిసినవారిలో ఎక్కువమంది ‘ఫార్మాట్ కొట్టించేయండి, హాయిగా ఉంటుంది’ అంటున్నారు. పాత చెత్త మీద కొత్త విండోస్ వేస్తే ఆ చెత్తంతా కొత్తదానిలోకి వస్తుందన్నది వారి వాదన. ఇది నిజమేనా? పైగా అర్హత పరీక్షించే ప్రోగ్రాం నడిపితే, నా కంప్యూటర్‌లో సెక్యూర్ బూట్ (ఆన్ చేయగానే నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌నే మొదలవనిచ్చే రక్షణ) లేదని చెబుతోంది. దీనివల్ల ఫార్మాట్ తప్పనిసరి అవుతుందా?

దీపస్తంభం:

పదకోశి గారూ, మీకు చెప్పిన వాదనలో సగం నిజం ఉంది. ఆ సగం ఏదో తెలిస్తే నిర్ణయం సులభమవుతుంది.

ఎక్స్‌పీ కాలం వరకు విండోస్ సెటప్ ఫైళ్లను ఒక్కొక్కటిగా కాపీ చేసేది కనుక, అప్‌గ్రేడ్ అంటే పాత గోడల మీదే కొత్త సున్నం వేసినట్లు ఉండేది. 2007లో జనానికి అందిన విస్టాతో ఆ పద్ధతి మారింది. అప్పటి నుంచి సెటప్ మొత్తం వ్యవస్థను ఒకే ఇమేజ్‌గా (అంతా ఒకే ఫైలులో ఉన్న ప్రతిగా) విప్పి పరుస్తుంది, పాత విండోస్‌ను విండోస్.ఓల్డ్ అనే ఫోల్డర్‌లోకి జరుపుతుంది, ఆ తర్వాత మీ ప్రోగ్రాంలను, ఖాతాలను, సెట్టింగులను, పనికివచ్చే డ్రైవర్లను (పరికరాలను నడిపే చిన్న ప్రోగ్రాంలను) కొత్తదానిలోకి తెచ్చి అమరుస్తుంది. అంటే అప్‌గ్రేడ్‌లోనూ సిస్టమ్ ఫైళ్లు చాలావరకు కొత్తవే. పాతవి చెడిపోయి ఉన్నా, మీకు దక్కేది కొత్త ప్రతి.

మరి ఏది వెంట వస్తుంది? కంప్యూటర్ మొదలవగానే లేచే ప్రోగ్రాంలు, వెనుక నడిచే సర్వీసులు, డ్రైవర్లు, రిజిస్ట్రీ అనే విండోస్ సెట్టింగుల నిల్వలో ప్రోగ్రాంలు రాసుకున్నవి వస్తాయి. మీ మూడు నిమిషాల ఆలస్యానికి కారణం వీటిలోనే ఉంటే అప్‌గ్రేడ్ తర్వాత కూడా అది అలాగే ఉంటుంది. కనుక ముందుగా టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ పేజీ తెరచి అక్కర్లేనివన్నీ ఆపి, రెండు రోజులు గమనించండి. ఆలస్యం తగ్గితే ఫార్మాట్‌కు మీరు చెప్పిన ప్రధాన కారణమే పోతుంది. తగ్గకపోతే ఎస్ఎస్‌డీ ఆరోగ్యాన్ని పరీక్షించండి. డిస్క్ చెడుతున్నప్పుడు ఏ దారిన విండోస్ ఎక్కించినా ప్రయోజనం ఉండదు.

సెక్యూర్ బూట్ కోసం ఫార్మాట్ అవసరం లేదు. మీ విండోస్‌ను బహుశా పాత బయోస్ పద్ధతిలో (కంప్యూటర్‌ను మొదలుపెట్టే పాత విధానంలో), ఎంబీఆర్ అనే పాత తరహా విభజన ఉన్న డిస్క్ మీద వేసి ఉంటారు. దాన్ని డేటా పోకుండా కొత్త తరహా విభజన అయిన జీపీటీగా మార్చే ఎంబీఆర్‌టూజీపీటీ అనే సాధనాన్ని 2017లో వచ్చిన 1703 వెర్షన్ నుంచి విండోస్‌లోనే ఇస్తున్నారు. దానిలో ముందు ‘వ్యాలిడేట్’ ఆదేశం ఇచ్చి చూడండి, అది డిస్క్‌ను ముట్టుకోకుండా మార్చడం సాధ్యమా కాదా అన్నది మాత్రమే చెబుతుంది. డిస్క్‌లో ప్రైమరీ పార్టిషన్లు (ప్రధాన విభాగాలు) మూడుకు మించి ఉన్నా, ఎక్స్‌టెండెడ్ పార్టిషన్ ఉన్నా ఒప్పుకోదు. మార్చిన తర్వాత మదర్‌బోర్డు సెట్టింగుల్లోకి వెళ్లి సీఎస్ఎం (పాత బయోస్ పద్ధతిని నడవనిచ్చే ఎంపిక) ఆపి, దాని స్థానంలో వచ్చిన యూఈఎఫ్ఐ పద్ధతిని ఎంచుకోవాలి. ఇది మరచిపోతే విండోస్ తెరుచుకోదు, చాలామంది డిస్క్ పోయిందని భయపడేది ఇక్కడే. అదే చోట టీపీఎం (విండోస్ 11 అడిగే భద్రతా భాగం) కూడా ఉంటుంది, మీ ఇంటెల్ బోర్డులో దాని పేరు పీటీటీ అని కనిపించవచ్చు.

నా సలహా ఏమిటంటే, సి డ్రైవ్ మొత్తాన్ని ఇమేజ్‌గా బయటి డిస్క్‌లోకి తీసుకుని, యాంటీవైరస్ అవశేషాలను తొలగించి, ముందు అప్‌గ్రేడ్ చేసి చూడండి. నచ్చకపోతే 10 రోజుల్లోపు సెట్టింగుల నుంచే వెనక్కి వెళ్లవచ్చు. క్లీన్ ఇన్‌స్టాల్, అంటే కొత్తగా ఎక్కించే దారి, ఆ తర్వాత కూడా తెరిచే ఉంటుంది. కానీ ఒకసారి తుడిచేశాక అప్‌గ్రేడ్ అనే మాటకే తావుండదు.

గట్టుమీదిచెట్టు:

దీపస్తంభం గారు చెప్పిన సాంకేతిక విషయాలతో నాకు పేచీ లేదు, ముగింపుతో మాత్రం ఏకీభవించలేను. ‘ముందు అప్‌గ్రేడ్ చేసి చూడండి’ అన్న మాటకయ్యే ఖరీదు సమయం. నేను మూడేళ్ల కిందట ఇలాగే అప్‌గ్రేడ్ చేసి, రెండు వారాలపాటు ధ్వని ఆగి ఆగి రావడమనే సమస్యతో పోరాడాను. చివరికి తేలినదేమిటంటే, ఎన్నడో తీసేసిన ఒక ఆడియో ప్రోగ్రాం వదిలిపెట్టిన ఫిల్టర్ డ్రైవర్ పాతదాని నుంచి కొత్తదానికి నడిచి వచ్చింది. కొత్తగా ఎక్కించి ఉంటే ఒక రోజులో పని ముగిసేది. ఏడేళ్లు వాడిన, యాంటీవైరస్ సరిగా తొలగని యంత్రానికి నేను క్లీన్ ఇన్‌స్టాల్‌నే చెబుతాను.

అయితే క్లీన్ ఇన్‌స్టాల్ అంటే ఉన్న డిస్క్‌ను తుడిచేయడమే అనుకోనక్కర్లేదు. కొత్త ఎస్ఎస్‌డీ ఒకటి కొనండి. కంప్యూటర్ పూర్తిగా ఆపి పాత ఎస్ఎస్‌డీ, హార్డ్‌డిస్క్ రెండింటి కేబుళ్లూ తీసేసి, కొత్త దాని మీద మాత్రమే విండోస్ 11 ఎక్కించండి. ఇలా చేస్తే సెటప్‌లో పొరపాటున వేరే డిస్క్‌ను ఎంచుకునే ప్రమాదం ఉండదు, బూట్ ఫైళ్లు ఒక డిస్క్‌లోనూ విండోస్ మరో డిస్క్‌లోనూ పడే చిక్కూ రాదు. ఖాళీ డిస్క్ కనుక ఎంబీఆర్ మార్పిడి ప్రసక్తే లేదు. మీ పాత విండోస్ ఏ మార్పూ లేకుండా పక్కన భద్రంగా ఉంటుంది. ఏదైనా మరచిపోతే దాన్ని తగిలించి తెచ్చుకోవచ్చు. డిజిటల్ లైసెన్స్ ముఖ్యంగా మదర్‌బోర్డుతో ముడిపడి ఉంటుంది కనుక డిస్క్ మారినంత మాత్రాన పోదు. సెటప్‌లో ప్రొడక్ట్ కీ లేదని చెప్పి, ఇప్పుడున్న ఎడిషన్‌నే ఎంచుకోండి. హోమ్ లైసెన్స్ ఉన్నవారు ప్రో ఎంచుకుంటే యాక్టివేట్ కాదు.

ఒక్క జాగ్రత్త. క్లీన్ ఇన్‌స్టాల్‌లో జనం పోగొట్టుకునేవి డాక్యుమెంట్లు, ఫొటోలు కావు, వాటిని అందరూ గుర్తుపెట్టుకుంటారు. పోయేవి యాప్‌డేటా అనే దాచిన ఫోల్డర్‌లో ఉండేవి: బ్రౌజర్ బుక్‌మార్కులు, మెయిల్ ప్రోగ్రాం నిల్వలు, టెంప్లేట్లు, సొంతంగా చేర్చుకున్న నిఘంటువు పదాలు. అనువాదకులకు ఈ చివరిది ఎంత విలువైనదో నేను చెప్పనక్కర్లేదు.

నీలిసిరా:

పై ఇద్దరూ చెప్పనివి రెండు ఉన్నాయి.

మొదటిది డిస్క్ ఎన్‌క్రిప్షన్, అంటే కీ లేకుండా చదవలేని రూపంలో డేటాను ఉంచడం. బిట్‌లాకర్ గాని డివైస్ ఎన్‌క్రిప్షన్ గాని ఆన్‌లో ఉందేమో చూడకుండా బయోస్ సెట్టింగులను ముట్టుకోవద్దు. సెక్యూర్ బూట్, టీపీఎం మార్చగానే కంప్యూటర్ 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. నా పాత ల్యాప్‌టాప్ విషయంలో నేను ఆ కీ ఎక్కడ ఉందో వెతకకుండానే మార్పులు చేశాను, ఎంత వెతికినా ఆ తర్వాత అది దొరకలేదు. అందులో మా నాన్నగారు ఆఖరి రోజుల్లో చెప్పిన మాటల రికార్డింగులు ఉన్నాయి. అవి మళ్లీ రాలేదు. దయచేసి కీని ముందే కాగితం మీద రాసుకోండి, మార్పులకు ముందు ఎన్‌క్రిప్షన్‌ను సస్పెండ్ చేయండి. విండోస్ 11లో 24హెచ్2 వెర్షన్ నుంచి చాలా కంప్యూటర్లలో క్లీన్ ఇన్‌స్టాల్ చేసి మైక్రోసాఫ్ట్ ఖాతాతో ప్రవేశించగానే ఎన్‌క్రిప్షన్ తనంతట తానే మొదలవుతుంది కనుక, కొత్తగా ఎక్కించుకునేవారు కూడా తమ కీ ఎక్కడ నిల్వ అయిందో తెలుసుకోవాలి.

రెండోది భాష. విండోస్ సెటప్ అంతా ఉండే ఐఎస్ఓ ఫైలు దించుకుని అందులోని సెటప్‌తో అప్‌గ్రేడ్ చేసేటప్పుడు, దాని భాష మీ విండోస్ మూల భాషతో సరిపోలకపోతే ‘ఫైళ్లు, యాప్‌లు ఉంచు’ అన్న ఎంపిక పనిచేయదు. యునైటెడ్ స్టేట్స్ ఇంగ్లిష్, ఇంటర్నేషనల్ ఇంగ్లిష్ అన్నవి కూడా ఇక్కడ వేర్వేరు భాషల కిందే లెక్క. చాలామంది ఈ చిన్న తేడాను గమనించక, అప్‌గ్రేడ్ కుదరదనుకుని అనవసరంగా ఫార్మాట్ చేస్తున్నారు. నిజంగా కుదరని సందర్భాలు వేరే ఉన్నాయి. 32 బిట్ల విండోస్ 10 నుంచి 11కు అప్‌గ్రేడ్ దారి లేదు, ఎందుకంటే విండోస్ 11 సాధారణ కంప్యూటర్లకు 64 బిట్లలో మాత్రమే వస్తుంది.

పదకోశి:

ముగ్గురికీ కృతజ్ఞతలు. స్టార్టప్ పేజీలో పదకొండు ప్రోగ్రాంలు కనిపించాయి, ఎనిమిదింటిని ఆపాను, ఆలస్యం ఒకటిన్నర నిమిషానికి దిగింది. ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో లేదు. ఎంబీఆర్‌టూజీపీటీ పరీక్ష కూడా నెగ్గింది.

గట్టుమీదిచెట్టు గారు చెప్పిన కొత్త ఎస్ఎస్‌డీ దారి నాకు బాగా నచ్చింది. కానీ ఇన్‌స్టాలర్ లేని ఆ అనువాద సాఫ్ట్‌వేర్‌ను పాత డిస్క్ నుంచి కొత్తదానికి ఫోల్డర్‌గా కాపీ చేస్తే పనిచేస్తుందా?

గట్టుమీదిచెట్టు:

లైసెన్స్ తనిఖీ ఉన్న సాఫ్ట్‌వేర్ సాధారణంగా అలా పనిచేయదు. రిజిస్ట్రీలో, సిస్టమ్ ఫోల్డర్లలో అది రాసుకున్న సమాచారం ఫోల్డర్‌తోపాటు రాదు. లైసెన్స్ మిగుల్చుకోవాలంటే తుడిచే ముందు పాత యంత్రంలో డీయాక్టివేట్ చేయాలి, అయితే మళ్లీ ఇన్‌స్టాల్ చేసే వీలు లేనప్పుడు దానివల్ల మీకు లాభం లేదు. మీ మొదటి ప్రశ్నలో ఈ ఒక్క వాక్యానికి నేను తగినంత విలువ ఇవ్వలేదని ఒప్పుకుంటున్నాను. ఆ సాఫ్ట్‌వేర్ మీ పనికి ఆధారం కనుక, మీ విషయంలో అప్‌గ్రేడే సరైనది. ఏ దారిన వెళ్లినా ముందు ఆ పదకోశాలను టీబీఎక్స్ (పదకోశాల మార్పిడి రూపం) గాని, సీఎస్‌వీ (పట్టిక రూపం) గాని, అందులో వీలున్న సాధారణ రూపంలోకి ఎగుమతి చేసుకోండి. ఒకే ప్రోగ్రాం మాత్రమే చదవగలిగే రూపంలో ఏడేళ్ల శ్రమ ఉండటం ఆపరేటింగ్ సిస్టమ్ మార్పు కన్నా పెద్ద ప్రమాదం.

దీపస్తంభం:

ఎగుమతి మాట నేనే ముందు చెప్పవలసింది. యాంటీవైరస్ విషయంలో మామూలు అన్‌ఇన్‌స్టాల్ చాలదు. దాన్ని తయారుచేసిన సంస్థే ఇచ్చే తొలగింపు సాధనాన్ని సేఫ్ మోడ్‌లో (అత్యవసరమైనవి మాత్రమే లేచే పద్ధతిలో) నడపండి. అప్‌గ్రేడ్ సగంలో ఆగి వెనక్కి తిరిగితే, వచ్చిన ఎర్రర్ కోడ్ రాసుకోండి. అది 0ఎక్స్‌సీ1900101తో మొదలైతే కారణం చాలావరకు డ్రైవరే. ఏ డ్రైవరో, సెటప్ తన పని నమోదు చేసే పాంథర్ ఫోల్డర్‌లోని లాగ్ ఫైళ్లలో వెతకవచ్చు.

పదకోశి:

పని పూర్తయింది కనుక, ఇదే స్థితిలో ఉన్నవారికి ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

పదకోశాలను ముందుగా ఎగుమతి చేసుకున్నాను. సి డ్రైవ్ ఇమేజ్‌ను బయటి డిస్క్‌లోకి తీసుకుని, అందులోని ఒక ఫైలును తెరిచి చూసి నమ్మకం కుదిరాకే ముందుకు వెళ్లాను. డిస్క్ మార్పిడి నిమిషంలోపే జరిగింది, సీఎస్ఎం ఆపడం మరచిపోలేదు. అయినా మొదటి ప్రయత్నంలో అప్‌గ్రేడ్ సగానికి పైగా వెళ్లి వెనక్కి తిరిగింది, దీపస్తంభం గారు చెప్పిన కోడే కనిపించింది. తొలగింపు సాధనం నడిపాక కూడా యాంటీవైరస్ డ్రైవర్ ఒకటి మిగిలిపోయిందని లాగ్‌లో తెలిసింది. డివైస్ మేనేజర్‌లో దాచిన పరికరాలను చూపించమని అడిగితే ఆ పేరు బయటపడింది. దాన్ని తీసేశాక రెండో ప్రయత్నం సుమారు గంటంబావులో ముగిసింది.

అనువాద సాఫ్ట్‌వేర్ లైసెన్స్ అడగకుండానే తెరుచుకుంది. కంప్యూటర్ ఇప్పుడు యాభై సెకన్లలో పనికి సిద్ధమవుతోంది, హెచ్చరికలు ఆగిపోయాయి. విండోస్.ఓల్డ్ ఫోల్డర్ జాగా తింటున్నా 10 రోజులూ అలాగే ఉంచుతాను. కొత్త ఎస్ఎస్‌డీ కూడా కొనబోతున్నాను. ఎగుమతి చేసిన పదకోశాలు మరో ప్రోగ్రాంలో సరిగా తెరుచుకుంటున్నాయో లేదో నిదానంగా పరీక్షించుకుని, అవి కుదిరిన రోజున దాని మీద విండోస్‌ను మొదటి నుంచి ఎక్కించుకుంటాను.