రిలేషన్ అంటే పట్టికే, పట్టికల మధ్య ముడి కాదు

పర్లాకిమిడి నుంచి:

అందరికీ నమస్కారం. మా పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కంప్యూటర్ పుస్తకంలో ఇంగ్లీషు. ప్రవేశ స్థాయి కంప్యూటర్ పరీక్ష దగ్గర పడుతోంది కనుక సాయంత్రాలు వాళ్లను కూర్చోబెట్టి డేటాబేస్ పాఠం మళ్లీ చదివిస్తున్నాను. సమాచారాన్ని పట్టికలుగా దాచే రిలేషనల్ డేటాబేస్‌ను ఆ పేరుతో ఎందుకు పిలుస్తారని అడిగితే దాదాపు అందరిదీ ఒకటే జవాబు: పట్టికల మధ్య సంబంధాలుంటాయి కాబట్టి. తెలుగులో చెప్పేటప్పుడు ‘సంబంధ’ అనే మాట వాడితే ఈ అభిప్రాయం మరింత గట్టిపడుతోంది. పిల్లలు దారి తప్పకుండా ఉండాలంటే తెలుగులో ఏ మాట వాడాలి?

బరంపురం నుంచి, లెక్కల ఉపాధ్యాయిని:

మాస్టారూ, చాలా అవసరమైన ప్రశ్న అడిగారు. తెలుగులో సంబంధం అనగానే ఇటొకరు, అటొకరు, మధ్యలో ఒక ముడి కళ్ల ముందు కదులుతాయి. పెళ్లి సంబంధమైనా అంతే, వ్యాపార సంబంధమైనా అంతే. పిల్లలు రాసింది ఆ ఊహే. కానీ ‘రిలేషనల్’లోని రిలేషన్ అక్కడి నుంచి రాలేదు. ఐబీఎంలో పనిచేసిన గణితవేత్త ఎడ్గర్ కాడ్ 1970లో ప్రచురించిన వ్యాసంలో దాన్ని సమితుల గణితం నుంచి తీసుకున్నాడు. ఆ పాఠం మన పిల్లలు లెక్కల్లో చదివిందే.

పలక మీద వేసి చూపించండి. రోల్ నంబర్ల సమితిలో 12, 15, 19 ఉన్నాయి. ఊళ్ల సమితిలో పర్లాకిమిడి, గుణుపురం, కాశీనగరం ఉన్నాయి. ప్రతి నంబరునూ ప్రతి ఊరితో జత చేస్తే తొమ్మిది జంటలు వస్తాయి. లెక్కల్లో దాన్నే కార్టీజియన్ లబ్ధం అంటాం. ఆ తొమ్మిదిలో మన తరగతి విషయంలో నిజమైనవి మూడే అనుకుందాం: (12, గుణుపురం), (15, కాశీనగరం), (19, గుణుపురం). ఏరి తీసిన ఈ మూడు జంటల సమితే రిలేషన్. పర్లాకిమిడికి ఎవరూ లేరు, గుణుపురానికి ఇద్దరున్నారు, అయినా ఇబ్బంది లేదు. ఈ మూడింటినీ ఒకదాని కింద ఒకటి రాసి పైన ‘రోల్ నంబరు’, ‘ఊరు’ అని శీర్షికలు పెడితే పట్టిక అయింది. రెండో పట్టిక ఎక్కడా లేదు, దేనితోనూ ముడి లేదు. అయినా ఇది రిలేషనే.

ఇది అర్థమైతే మిగతా పదాలన్నీ వరుసగా వచ్చేస్తాయి. ఒక్కొక్క అడ్డు వరుస టపుల్, ఒక్కొక్క నిలువు వరుస ఆట్రిబ్యూట్, ఆ నిలువు వరుసలోకి విలువలు ఏ సమితి నుంచి వస్తాయో అది డొమైన్. నిలువు వరుసల సంఖ్య డిగ్రీ, అడ్డు వరుసల సంఖ్య కార్డినాలిటీ. పై పట్టిక డిగ్రీ 2, కార్డినాలిటీ 3. పిల్లలు ఈ చివరి రెండింటినీ తారుమారు చేస్తుంటారు, మళ్లీ మళ్లీ అడగండి.

పిల్లల మనసులో అన్నిటికన్నా గట్టిగా నాటవలసింది సమితి అనే మాట. సమితిలో ఒకే వస్తువు రెండుసార్లు ఉండదు, వాటికి వరుస క్రమమూ ఉండదు. కాబట్టి రిలేషన్‌లో ఒకేలాంటి రెండు అడ్డు వరుసలు ఉండకూడదు. అలా ఉండకూడదంటే, ఏ వరుసకా వరుసను విడిగా గుర్తుపట్టగలిగే నిలువు వరుస ఒకటో, కొన్ని కలిసో తప్పకుండా ఉంటాయి. కీ అనే భావన పుట్టింది ఇక్కడే. ప్రైమరీ కీ నిర్వచనాన్ని బట్టీ పట్టిన పిల్లవాడికి అది ఎందుకు కావాలో తెలియదు. సమితి నుంచి నడిపించుకొస్తే వాడే చెబుతాడు. ఒక్క హెచ్చరిక: డేటాబేస్‌తో మాట్లాడే భాష ఎస్‌క్యూఎల్‌లో కీ ప్రకటించని పట్టికలోకి ఒకే వరుస రెండుసార్లు ఎక్కుతుంది, అడ్డుచెప్పదు. అందుకే ఒకేలాంటి వరుసలను ఒక్కసారే చూపించే డిస్టింక్ట్ అనే మాట కావలసి వచ్చింది. క్రమం కోరే ఆర్డర్ బై రాయకపోతే వరుసలు ఏ క్రమంలో వస్తాయో హామీ కూడా లేదు.

ఇక మీరడిగిన మాట సంగతి. ఇంగ్లీషులో రిలేషన్ వేరు, రిలేషన్‌షిప్ వేరు. రెండోది పీటర్ చెన్ 1976లో వివరించిన ఎంటిటీ-రిలేషన్‌షిప్ నమూనాలోది. విద్యార్థి కోర్సులో చేరాడు, ఉద్యోగి విభాగంలో పనిచేస్తాడు అన్నప్పుడు ఆ ‘చేరడం’, ‘పనిచేయడం’ రిలేషన్‌షిప్‌లు. తెలుగులో మనం ఈ రెంటినీ తీసుకెళ్లి సంబంధం అనే ఒకే గిన్నెలో పోస్తున్నాం. రిలేషన్‌ను పట్టిక అనండి, రిలేషన్‌షిప్‌ను సంబంధం అనండి. చిక్కు అక్కడికక్కడే విడిపోతుంది.

జయపురం నుంచి:

మేడం వివరణ బాగుంది కానీ ‘పట్టిక’ నాకు పూర్తిగా నచ్చలేదు. పట్టిక అంటే పైనుంచి కిందికి చదివేది, మొదటిది, రెండోది అని ఉండేది. వరుస క్రమం లేదని మీరే చెప్పారు కదా. నా మాట వింటే రిలేషన్‌ను రిలేషన్ అనే ఉంచండి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ జనం వాడే భాషలోనే పాఠాలుండాలని గిడుగు రామమూర్తి గారు పోరాడారు. కంప్యూటర్ పాఠం చదివే పిల్లల నోట నిత్యం ఆడే మాట రిలేషనే. దాన్ని తీసేసి కొత్త మాట కట్టబెట్టడం ఆయన దారి కాదని నా నమ్మకం.

బరంపురం నుంచి:

మీ అభ్యంతరం న్యాయమైనదే. పరీక్షలో రిలేషన్ అనే రాయాలి, నాకూ సందేహం లేదు. పాఠం చెప్పేటప్పుడు మాత్రం వేలు పెట్టి చూపించడానికి ఒక తెలుగు మాట కావాలి. పట్టిక అని మొదలుపెట్టి, క్రమం లెక్కలోకి రాదని అప్పుడే చెబితే సరిపోతుంది. సంబంధం అని మొదలుపెడితే వెనక్కి తీసుకురావడం కష్టం.

రాయగడ నుంచి, డిగ్రీ విద్యార్థిని:

మేడం, మా నోట్సులో ఫారిన్ కీని ‘విదేశీ కీ’ అని రాశారు. క్యాండిడేట్ కీని ‘అభ్యర్థి కీ’ అన్నారు. ఈ రెండూ సరైనవేనా?

బరంపురం నుంచి:

అభ్యర్థి కీ చక్కగా కుదిరింది, అమ్మా. రోల్ నంబరు, ఆధార్ నంబరు రెండూ విద్యార్థిని విడిగా గుర్తుపట్టగలవు, రెండూ అభ్యర్థులే. వాటిలో ఒకదాన్ని ఎంచుకుంటే అది ప్రైమరీ కీ అవుతుంది. ఎంపిక కానిది ఆల్టర్నేట్ కీగా మిగులుతుంది.

విదేశీ కీ మాత్రం వద్దు. ఇందులో దేశం ప్రసక్తే లేదు. మార్కుల పట్టికలో రోల్ నంబరు ఉందనుకోండి, అక్కడ అది ఫారిన్ కీ. ఆ నంబరు విద్యార్థుల పట్టికలో ఉన్నదే అయి ఉండాలి, లేని 27వ నంబరుకు మార్కులు వేయబోతే డేటాబేస్ ఒప్పుకోదు. ఈ నియమమే రిఫరెన్షియల్ ఇంటిగ్రిటీ. ‘పరాయి కీ’ అందామనుకున్నా పూర్తిగా అతకదు. ఉద్యోగుల పట్టికలో పై అధికారి నంబరు అనే నిలువు వరుస అదే పట్టికలోని ఉద్యోగి నంబరును చూపించవచ్చు. పరాయి పట్టిక అక్కడ లేనే లేదు. అందుకని ఫారిన్ కీ అనే ఉంచి, ‘కీని చూపించే నిలువు వరుస’ అని వివరించండి. ప్రైమరీ కీతో తేడా అడిగితే రెండు ముక్కలు రాయండి: ఫారిన్ కీ విలువలు ఎన్నిసార్లైనా రావచ్చు, ప్రత్యేకంగా నిషేధించకపోతే నల్ కూడా కావచ్చు. ప్రైమరీ కీకి ఈ రెండు వెసులుబాట్లూ లేవు.

పర్లాకిమిడి నుంచి:

మేడం, నల్ అన్నారు కనుక అడుగుతున్నాను. మా పిల్లలు దాన్ని శూన్యం అంటున్నారు. ఫర్వాలేదా?

బరంపురం నుంచి:

వద్దు మాస్టారూ. శూన్యం అంటే సున్నా అని తోస్తుంది, నల్ సున్నా కాదు. మార్కుల గడిలో సున్నా ఉంటే ఆ పిల్లవాడు పరీక్ష రాశాడు, మార్కులు రాలేదు. నల్ ఉంటే మార్కు ఇంకా నమోదు కాలేదు, లేదా వాడు పరీక్షకే రాలేదు. ‘విలువ లేదు’ అనండి, చాలు. నల్‌ను దేనితో పోల్చినా, ఇంకో నల్‌తో పోల్చినా, అవునో కాదో తేలదు. అందుకే ఎస్‌క్యూఎల్‌లో సమానం గుర్తు పెట్టి వెతికితే ఒక్క వరుస కూడా రాదు, ఈజ్ నల్ అని రాయాలి. ముగ్గురు విద్యార్థుల మార్కులు 40, 0, నల్ అని ఇచ్చి సగటు వేయమనండి. ఎస్‌క్యూఎల్‌లో సగటు కట్టే ఏవీజీ నల్‌ను వదిలేసి రెండింటితోనే భాగిస్తుంది కాబట్టి 20 వస్తుంది. నల్‌ను సున్నాగా పట్టుకున్నవాళ్లు మూడుతో భాగించి 13.33 అంటారు. ఎవరు ఎలా అర్థం చేసుకున్నారో ఆ ఒక్క లెక్కతో మీకు తెలిసిపోతుంది.