అప్‌డేట్: డాష్‌క్యామ్ కార్డు ఎర్రర్ సమస్య తీరింది

పోయిన నెల అడిగాను కదా, మా కారు డాష్‌క్యామ్‌లో (దారిని వీడియో తీసే కెమెరాలో) కొత్తగా వేసిన 256 జీబీ మెమరీ కార్డు నాలుగు రోజులకోసారి ఎర్రర్ చూపిస్తోంది, కెమెరానే మార్చాలా అని. కెమెరా బంగారంలా ఉంది. తప్పంతా కార్డుదే.

మీరు చెప్పినట్టే ల్యాప్‌టాప్‌లో పెట్టి కార్డులో నిజంగా ఎంత జాగా ఉందో చూసే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ప్రోగ్రామ్ రన్ చేసి పడుకున్నాను, పొద్దున లేచి చూస్తే అందులో నిజంగా ఉన్న జాగా 32 జీబీ కూడా లేదు! ఆన్‌లైన్‌లో సగం ధరకు వస్తోందని కొన్నాను, నకిలీది అంటగట్టారు. చాలా బాధేసింది.

ఈసారి మాన్యువల్ చూశాను, మా కెమెరా 128 జీబీ వరకే తీసుకుంటుందట. అందుకే 128 జీబీ హై ఎండ్యూరెన్స్ (పదే పదే రాసినా తట్టుకునే) కార్డు, వీ30 గుర్తు ఉన్నది తెచ్చాను. వీ30 అంటే రాసే వేగం సెకనుకు కనీసం 30 ఎంబీ. ప్యాకెట్ మీద పెద్దక్షరాలతో వేసేది ఎక్కువగా చదివే వేగం, దాన్ని చూసి కొనకండి. డాష్‌క్యామ్ పాత వీడియో మీదే కొత్తది రాస్తూ పోతుంది కాబట్టి మామూలు కార్డు త్వరగా అరిగిపోతుంది. ఫార్మాట్ కూడా కెమెరాలోనే చేశాను.

మూడు వారాలైంది, ఒక్క ఎర్రర్ లేదు. నిన్న రాత్రి వానలో ముందు వెళ్తున్న లారీ నంబరు ప్లేటు కూడా స్పష్టంగా పడింది. ఓపిగ్గా చెప్పిన అందరికీ చాలా థాంక్స్.