స్క్రబ్ టైఫస్ సర్వేలో ఆ పురుగును ఏమని అడగాలి?

పొలం కూలీలకు స్క్రబ్ టైఫస్ అనే జ్వరం గురించి ఎంత తెలుసో కనుక్కునే ప్రశ్నపత్రం ఇది. పదాల దగ్గరే చిక్కు, సాయం చేయండి.

"స్క్రబ్ టైఫస్ విన్నారా?" అంటే టైఫాయిడ్ అనుకుని "ఆ, విన్నాం" అనేస్తారు. అవగాహన లేకున్నా ఉన్నట్టు లెక్క తేలుతుంది. టైఫాయిడ్ నీళ్లతో, తిండితో వస్తుంది. స్క్రబ్ టైఫస్ మాత్రం గడ్డిలో, పొదల్లో ఉండే, కంటికి ఆనీ ఆనని పురుగు పిల్ల కుడితే వస్తుంది. "నల్లి" అంటే మంచం నల్లి గుర్తొస్తుంది, "పిడుదు" అంటే గొడ్లది. మీ వైపు ఏ మాట నడుస్తుంది? జిల్లా పేరుతో రాయండి.

అసలు కష్టం మచ్చ దగ్గర. కుట్టినచోట సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పెచ్చు కడుతుంది. నొప్పి పుట్టదు కాబట్టి పట్టించుకోరు. చంకలో, గజ్జల్లో, రొమ్ముల కింద ఉంటే ఆడవాళ్లు డాక్టరుకు చెప్పడానికే సిగ్గుపడతారు. పైగా అందరికీ మచ్చ పడదు. ఫొటో చూపించి ఆశా కార్యకర్తతో అడిగిస్తే మేలనిపిస్తోంది, ఎవరైనా అలా చేశారా?

కలుపుతీత, కట్టెలు ఏరడం, బహిర్భూమికి పొదల్లోకి వెళ్లడం విడివిడిగా అడుగుతున్నాం. జ్వరమొచ్చాక ఎన్నో రోజున ఆస్పత్రికి వెళ్లారన్నదీ ఉంది. దీనికి వాడే డాక్సీసైక్లిన్ మందు వేళకు పడితే సాధారణంగా రెండు రోజుల్లో జ్వరం దిగుతుంది, టైఫాయిడ్‌కు ఇచ్చే సెఫ్‌ట్రయాక్సోన్ ఇంజెక్షన్లకు లొంగదు. ఆలస్యమెందుకైందో, కూలి పోతుందనా, బండి ఖర్చుకు లేకనా, తప్పుపట్టినట్టు కాకుండా ఎలా అడగాలి?