కొట్టు ఫోన్ ఆండ్రాయిడ్ 12లోనే ఉంచాలా, 14 ఎక్కించాలా?

కోవూరు_కౌంటర్: కిరాణా కొట్టు ఫోన్, 4 జీబీ ర్యామ్, ఆండ్రాయిడ్ 12. 14 వచ్చిందని రోజూ చూపిస్తోంది. పాత బిల్లింగ్ యాప్, దానికి 58 మి.మీ. బ్లూటూత్ ప్రింటర్ ఉన్నాయి. ఫోన్‌పే కూడా ఇందులోనే. ఎక్కించమంటారా?

ఒంగోలు_గిత్త: వద్దు సామీ. టార్గెట్ ఎస్‌డీకే (ఏ ఆండ్రాయిడ్ లెక్కకి రాశారో చెప్పే నంబరు) 23 కన్నా తక్కువున్న యాప్‌ని, అంటే ఆండ్రాయిడ్ 6 కంటే ముందు లెక్కకి రాసినదాన్ని, 14 ఇన్‌స్టాల్ కానివ్వదు. 15లో ఆ హద్దు 24కి పెరిగింది.

సింగరాయకొండ_సర్వీస్: సగమే చెప్తున్నావన్నా. ముందే ఫోన్లో ఉన్న యాప్‌ని అప్‌డేట్ తీసెయ్యదు. ఆపేది కొత్తగా ఎక్కించేటప్పుడే.

ఒంగోలు_గిత్త: రీసెట్ కొడితే? నెమ్మదించిందని ఇస్తే నా ఫోన్‌కి అదే చేశారు, డేటా ఉందా అని ఒక్క మాట అడగలా. యాప్ పోయింది, మళ్లీ ఎక్కలేదు. రీసెట్ కొడితే 12 తిరిగొస్తదనుకుంటారు జనం. రాదు, 14తోనే ఖాళీ ఫోన్ చేతికొస్తది. పాత ఫర్మ్‌వేర్ (ఫోన్ సిస్టమ్ సాఫ్ట్‌వేర్) మళ్లీ ఎక్కిద్దామన్నా చాలా ఫోన్లలో యాంటీ రోల్‌బ్యాక్, అంటే పాత వెర్షన్‌కి పోనివ్వని తాళం, అడ్డం.

పెన్నా_గట్టు: అప్‌డేట్ అయ్యాక ఒకట్రెండు రోజులు వేడెక్కుద్ది, చార్జింగ్ దిగుద్ది. వెనకాల యాప్‌లు కొత్త వెర్షన్‌కి తగ్గట్టు మళ్లీ సిద్ధం (కంపైల్) అవుతుంటాయి. అప్పుడే రీసెట్‌కి పరిగెత్తొద్దు.

సింగరాయకొండ_సర్వీస్: ఆ పాత యాప్ ఎక్కకపోతే దారుంది. యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి, కంప్యూటర్ నుంచి ఏడీబీ (ఫోన్‌కి కమాండ్లు పంపే టూల్) ఇన్‌స్టాల్‌కి ‘బైపాస్-లో-టార్గెట్-ఎస్‌డీకే-బ్లాక్’ ఆప్షన్ జోడిస్తే 14లోనూ ఎక్కుద్ది.

ఒంగోలు_గిత్త: కొట్లో పప్పులు తూచే మనిషి ఏడీబీ కమాండ్లు కొడతాడా?

సింగరాయకొండ_సర్వీస్: ఆ యాప్ ఒక్కటే పట్టుకుని వేలాడతన్నావు, డబ్బు సంగతి చూడవా? చలానా పేరుతో వాట్సాప్‌లో దొంగ ఏపీకేలు (యాప్ ఎక్కించే ఫైళ్లు) వస్తన్నాయి. 12లో అది యాక్సెసిబిలిటీ (తెర చదివి, మన బదులు నొక్కే అనుమతి) అడిగితే స్విచ్ వేస్తే చాలు, తెర మీద కనపడేదంతా చదివేస్తది. 13 నుంచి అట్టా బయటినుంచొచ్చిన యాప్‌కి ఆ స్విచ్ పడదు. యాప్ ఇన్ఫోలో మూడు చుక్కలు నొక్కి విడిగా అనుమతివ్వాలి. పైగా 12కి గూగుల్ భద్రతా ప్యాచ్‌లు 2025 మార్చితో ఆగిపోయాయి.

ఒంగోలు_గిత్త: ఏపీకే ఎక్కించినోడితో ఆ మూడు చుక్కలూ ఫోన్లో మాట్లాడుతూనే నొక్కిస్తారు! నీ లెక్కలో డబ్బంటే బ్యాంకులో ఉన్నదే. ఊళ్లో ఎవరెంత బాకీయో ఆ యాప్‌లోనే ఉంది. అది పోతే ఎవడొచ్చి ఇస్తాడు? ఖాతాలు పోగొట్టే అప్‌డేట్‌ని భద్రత అంటే నేనొప్పుకోను.

సింగరాయకొండ_సర్వీస్: ఆ మాట మొదటే అనుంటే ఇంత గొడవ లేదు. కోవూరు అన్నా, ఖాతాలు ఎక్స్‌పోర్ట్ చేసే వీలుందా? ఫైలు ఎక్కడ పడుతుందో కూడా చూడు. ఆండ్రాయిడ్/డేటా ఫోల్డర్లో పడితే యాప్‌తో పాటే పోద్ది. ఇంకోచోటికి కాపీ చేసి, తెరిచి చూశాకే అప్‌డేట్.

కోవూరు_కౌంటర్: ఎక్స్‌పోర్టే లేదు. ఏపీకే కూడా నా దగ్గర లేదు.

ఒంగోలు_గిత్త: అయితే ముట్టుకోవద్దు. డెవలపర్ ఆప్షన్స్‌లో ఆటోమేటిక్ సిస్టమ్ అప్‌డేట్స్ ఆపెయ్. ఖాళీ ఉన్నప్పుడల్లా బాకీలు పుస్తకంలోకి ఎక్కించుకో.

సింగరాయకొండ_సర్వీస్: దానికి సరే. కానీ బ్యాంకు సిమ్, యూపీఐ మాత్రం కొత్త వెర్షన్ ఉన్న వేరే ఫోన్‌కి మార్చు. 12లో రెండూ కలిపి ఉంచమంటే నేను చెప్పను.

ఒంగోలు_గిత్త: రెండో ఫోన్ కొనే స్తోమత ఉన్నోడికి చెప్పు అది.

కోవూరు_కౌంటర్: ఇంట్లో ఆండ్రాయిడ్ 13ది ఒకటుంది. యూపీఐ దాంట్లోకి మారుస్తా. బాకీలు రాసుకోవడం అయ్యేదాకా ఇది 12లోనే.