హైదరాబాద్ నుంచి డల్లాస్: టికెట్‌లో పన్నెండున్నర గంటలే కనిపిస్తోంది, నిజంగా ఎంతసేపు?

నాచారం అబ్బాయి:
మా అమ్మ అక్టోబర్ 12న అక్కయ్య దగ్గరికి డల్లాస్ వెళ్తోంది. ఒంటరిగా వెళ్లడం ఇదే మొదటిసారి. టికెట్‌లో ఉదయం 4:20కి శంషాబాద్‌లో బయల్దేరి అదే రోజు సాయంత్రం 4:50కి దిగుతుందని ఉంది. మధ్యలో దుబాయ్‌లో మూడు గంటలు ఆగాలి. అంత దూరం పన్నెండున్నర గంటల్లో ఎలా వెళ్తారు? అమ్మకు 64 ఏళ్లు, షుగర్ ఉంది. చాలా టెన్షన్‌గా ఉంది.

మియాపూర్ లక్ష్మి:
మొత్తం 23 గంటలండీ. టికెట్‌లో ఏ ఊరి టైం ఆ ఊరిదే వేస్తారు. అక్టోబర్‌లో డల్లాస్ మనకంటే పదిన్నర గంటలు వెనక, అది కలపండి. దుబాయ్‌కి దాదాపు నాలుగు గంటలు, అక్కడ మూడు గంటలు, ఆపైన ఏకబిగిన పదహారు గంటలు. నవంబర్ మొదటి ఆదివారం వాళ్లు గడియారం వెనక్కి తిప్పాక తేడా పదకొండున్నర అవుతుంది. ఫోన్ చేసేటప్పుడు గుర్తుంచుకోండి.

తార్నాక మాస్టారు:
నేరుగా లెక్కేస్తే దాదాపు 14,400 కి.మీ. గ్లోబు మీద ఈ రెండు ఊళ్ల మధ్య దారం బిగించి చూడండి, ఉత్తర ధ్రువం పక్క నుంచే పోతుంది. దుబాయ్ మీదుగా అయితే 2,550, 12,900 కలిపి 15,450. చుట్టు తిరిగినా పెరిగేది వెయ్యి కి.మీ. పైచిలుకే, అంటే గంటకు కాస్త ఎక్కువ. అందుకే పెద్దవాళ్లకు టికెట్ తీసేటప్పుడు నేను దూరం చూడను, మధ్యలో ఎంతసేపు ఆగాలో చూస్తాను. మా తమ్ముడికి గంటా ఇరవై నిమిషాలే ఉంది. మొదటి విమానం ఆలస్యమై రెండోది అందలేదు, రాత్రంతా కుర్చీలోనే గడిపాడు. మీ అమ్మగారికి మూడు గంటలుంది, మంచిదే. వీల్‌చైర్ ఇప్పుడే అడిగి పెట్టండి. తిరుగు ప్రయాణంలో పడమటి గాలులు తోడై గంటకు పైనే కలిసొస్తుంది.

వనస్థలిపురం:
ఒక్క మాట. 12వ తేదీ 4:20 అంటే తెల్లవారుజాము. ఇంట్లోంచి 11వ తేదీ రాత్రే బయల్దేరాలి, ఒంటిగంటకల్లా ఎయిర్‌పోర్టులో ఉండాలి. మా మావయ్య తేదీ మాత్రమే చూసుకుని, ఆ రాత్రి భోంచేసి తీరిగ్గా వెళ్లాడు. విమానం అప్పటికే ఎప్పుడో వెళ్లిపోయింది.

మియాపూర్ లక్ష్మి:
షుగర్ సంగతి మర్చిపోయాను. మాత్రలు, ఇన్సులిన్ ఉంటే అదీ, డాక్టర్ చీటీతో సహా చేతిసంచిలోనే పెట్టండి, పెద్ద సూట్‌కేసులో వద్దు. మాత్రలు ఏ టైంకి వేసుకోవాలో ముందే డాక్టర్‌ని అడగండి. మా అమ్మకైతే డాక్టర్ మన టైం ప్రకారమే వేసుకోమన్నారు, అందుకని చేతివాచీ మార్చనివ్వలేదు. గంటకోసారి లేచి నాలుగడుగులు వేయమనండి. మా అమ్మ మొహమాటపడి, పక్కవాళ్లను లేపలేక కూర్చుండిపోయింది. దిగేసరికి పాదాలు వాచి చెప్పులు పట్టలేదు. నడవా పక్క సీటు తీసుకోండి.

నాచారం అబ్బాయి (అక్టోబర్ 13):
అమ్మ చేరింది. నడవా సీటే దొరికింది, ఆరుసార్లు లేచానని లెక్క చెప్పింది. కాళ్లు కొంచెమే వాచాయట. అక్కయ్య ఫొటో పంపింది, అమ్మ చేతికి వాచీ ఇంకా మన టైంలోనే ఉంది. అందరికీ దండాలు.