మన కాంపొనెంట్ల డైరెక్టరీ: ఎవరు పెట్టినా ఉంచుదామా, రివ్యూ అయ్యాకే ఉంచుదామా?

మియాపూర్ ఫ్రీలాన్సర్:
హైదరాబాద్‌లో వెబ్‌సైట్లు చేసే మనమంతా చేసిన పనే మళ్లీ మళ్లీ చేస్తున్నాం. పిన్‌కోడ్ ఇన్‌పుట్, 12,34,567 అని మన పద్ధతిలో కామాలు పెట్టే అంకెల బాక్స్, తెలుగు–ఇంగ్లిష్ మార్చే బటన్, ఇలాంటి కాంపొనెంట్లన్నీ, అంటే పేజీలో పెట్టుకునే చిన్న చిన్న ముక్కలన్నీ ప్రతి క్లయింట్‌కీ మొదటి నుంచి రాస్తున్నాం. అందరికీ పనికొచ్చేలా ఒక డైరెక్టరీ పెడదామని పోయిన ఆదివారం అనుకున్నాం కదా. ఒక్క విషయం తేలలేదు. ఎవరైనా నేరుగా చేర్చొచ్చా, ఇద్దరు చూసి సరే అన్నాకే చేర్చాలా? నేరుగా చేర్చనిద్దాం అంటాను. గుమ్మం దగ్గరే ఆపితే కొత్తవాళ్లు మళ్లీ ఇటు రారు.

గచ్చిబౌలి బ్యాకెండ్:
అసలు ఎందుకు? అందరూ రాసిన జావాస్క్రిప్ట్ ప్యాకేజీలు దొరికే ఎన్‌పీఎంలో వెతికితే దొరకనిది ఏముంది? ఇంకో జాబితా పెడితే దాన్ని చూసుకోవడం ఇంకో పని.

అమీర్‌పేట ఫ్రంటెండ్:
గచ్చిబౌలి అన్నా, మీకు ముందు ఒకటి చూపిస్తాను. బాగా పేరున్న ఒక బటన్ల కాంపొనెంట్ తెచ్చి మా ఫారంలో పెట్టాను. పురుషుడు, స్త్రీ అని రెండు బటన్లు. ఎత్తు ఫిక్స్ చేసి ఉంది, లైన్ హైట్ 1 (వరుసకి ఫాంట్ సైజంత ఎత్తే), బయటికి వచ్చింది కనపడకుండా ఓవర్‌ఫ్లో హిడెన్. తవత్తు, రవత్తు రెండూ కింద తెగిపోయి "స్త్రీ" కాస్తా "సీ" అయి కూర్చుంది. ఇంగ్లిష్‌లో టెస్ట్ చేసినంతకాలం అందులో తప్పేమీ కనపడదు. అలాగే పేరు రాసే బాక్స్. "లక్ష్మి" మన కంటికి రెండక్షరాలే, కంప్యూటర్ అక్షరాలను గుర్తుపెట్టుకునే యూనికోడ్‌లో ఏడు. బాక్స్‌లో ఎంత పొడుగు రాయనివ్వాలో చెప్పే మ్యాక్స్‌లెంగ్త్ లెక్కపెట్టేది ఆ ఏడునే. పొడుగు పేరున్న ఆమె ఇంటిపేరు సగంలో ఆగిపోతుంది. ఏ కాంపొనెంట్ తెలుగులో నిలబడుతుందో ఎన్‌పీఎం చెప్పదు, మనమే చెప్పుకోవాలి. డైరెక్టరీ కావాలనేది అందుకే.

ఇక ఎవరు చేర్చాలి అన్నది. 2016 మార్చిలో లెఫ్ట్-ప్యాడ్ అనే 11 లైన్ల ప్యాకేజీని రాసినవాళ్లే ఎన్‌పీఎం నుంచి తీసేస్తే దాన్ని వాడే ప్రాజెక్టుల బిల్డ్‌లు, అంటే కోడ్ నుంచి సాఫ్ట్‌వేర్ తయారుచేసే పని, ఎక్కడెక్కడో ఆగిపోయాయి. 2018లో ఈవెంట్-స్ట్రీమ్ అనే ఇంకో ప్యాకేజీని చూసుకునే పాత మెయింటెయినర్ దాన్ని ఇంకొకరికి అప్పగించాడు. ఆ వచ్చినవాళ్లు బిట్‌కాయిన్ వాలెట్లను దోచే కోడ్ కలిపారు. రెండూ మొదట చేర్చినప్పుడు శుభ్రంగానే ఉన్నాయి. గుమ్మం దగ్గర ఎంత గట్టిగా రివ్యూ చేసినా అవి దొరికేవి కావు. అందుకే ఎవరు పెడుతున్నారన్నది నాకు పెద్ద విషయం కాదు, పెట్టాక ఎవరు చూసుకుంటారన్నదే అసలు ప్రశ్న. ఎవరైనా చేర్చనివ్వండి. కానీ ప్రతి కాంపొనెంట్‌కీ చూసుకునే మనిషి ఒకరుండాలి, తెలుగులో ఆఖరుసారి టెస్ట్ చేసిన తేదీ పక్కనే కనపడాలి. ఆరు నెలలు ఎవరూ ముట్టకపోతే ముందు పేజీ నుంచి కిందికి దించేయాలి.

లైసెన్స్ లేనిది మాత్రం ఒక్కటి కూడా వద్దు. ఇది అనుభవంతో చెప్తున్నా. పోయినేడాది లైసెన్స్ ఫైలే లేని రిపో (ఎవరో కోడ్ పెట్టిన చోటు) నుంచి తేదీ బాక్స్ ఒకటి తీసుకున్నాను. డెలివరీకి రెండు రోజుల ముందు క్లయింట్ లాయర్ అడిగాడు, ఇది వాడుకోవడానికి అనుమతి ఏదీ అని. మన 1957 కాపీరైట్ చట్టంలో కంప్యూటర్ ప్రోగ్రాం కూడా సాహిత్య రచన కిందికే వస్తుంది. రాసినవాళ్లు అనుమతి ఇవ్వకపోతే హక్కు వాళ్లదే. రెండు రాత్రులు కూర్చుని మొత్తం మళ్లీ రాశాను. ఆ టెన్షన్ ఇంకెవరికీ వద్దు.

మియాపూర్ ఫ్రీలాన్సర్:
లైసెన్స్ విషయం ఒప్పుకుంటున్నా. ఆరు నెలలకే దించేయడం మాత్రం అన్యాయం. పిన్‌కోడ్ ఇన్‌పుట్‌లో మారేది ఏముంది? ఆరంకెలు, మొదటిది సున్నా కాకూడదు, అంతే కదా. రాసినవాళ్లు ఉద్యోగం, పిల్లలు చూసుకుంటూ ఖాళీ ఉన్నప్పుడు చేసిన పని అది.

అమీర్‌పేట ఫ్రంటెండ్:
కోడ్ మారదు, బ్రౌజర్ మారుతుంది, ఫాంట్ మారుతుంది. రాసినవాళ్లే చూడాలని నేను అనలేదన్నా. ఒకసారి తెరిచి, తెలుగులో టైప్ చేసి, తేదీ మారిస్తే చాలు. ఆ పని ఎవరు చేసినా సరే.

దిల్‌సుఖ్‌నగర్ విద్యార్థి:
ఆ పని నేను చేయొచ్చా అన్నా? కాంపొనెంట్ రాయడం ఇంకా రాదు. తెలుగు టైపింగ్ వచ్చు, పాత ఆండ్రాయిడ్ ఫోన్ ఒకటి ఉంది. క్షేత్రం, స్వాతంత్ర్యం, జ్యోత్స్న లాంటి మాటలు ఒక యాభై రాసిపెట్టుకున్నాను. ప్రతి బాక్స్‌లో అవి టైప్ చేసి స్క్రీన్‌షాట్ పెడతాను. ముందు ఆ బటన్ల లింక్ ఇవ్వండి.